సాలవ్వ వేలిముద్ర

తొంభై నాలుగులో, ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా ఉన్న నా మందుల దుకాణం ముందు ఒక విదేశీ పాలపొడి కంపెనీ కారు ఆగింది. నాలుగు మండలాలకు ఏజెన్సీ ఇస్తామని వారం ముందే ఉత్తరం రాశారు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. 'సత్తార్ ఏజెన్సీస్' అని కొత్త బోర్డుకు రంగు కూడా ఎంచుకున్నాను.

దిగిన సారుది హైదరాబాదు. వస్తూనే గోడకు క్యాలెండరు తగిలించాడు. దాని నిండా బొద్దుగా నవ్వుతున్న పసిపాప. రెండు పాలడబ్బాలు గల్లాపెట్టె పక్కన పెట్టి, "బాలింతలకు ఊరికే ఇవ్వండి, అలవాటైతే వాళ్లే కొంటారు" అన్నాడు. ఆ వెంటనే ఒక కాగితం తీశాడు. పిల్లల బొమ్మలు పెట్టలేదనీ, పాలడబ్బాలు ఊరికే పంచలేదనీ, కాన్పులు చేసేవాళ్లకు కానుకలు ఇవ్వలేదనీ అందులో రాసి ఉంది. కింద నా సంతకం కావాలట.

"ఇదేంది సార్? క్యాలెండరు ఇప్పుడే తగిలిస్తిరి గద!"

"పాలడబ్బాలకు ఇలాంటి ప్రచారం కూడదని ఇక్కడ కొత్త చట్టం వచ్చింది. మాది బయటి దేశపు కంపెనీ, అందరి కళ్లూ మా మీదే. ఈ కాగితాలు ఫైల్లో ఉంటే బొంబాయిలో మా వకీళ్లకు చాలు. గోడ మీద ఏముందో వాళ్లు వచ్చి చూడరుగా."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. నాలుగు మండలాలు కళ్ల ముందు ఆడుతుంటే కోపం ఎక్కడినుంచి వస్తుంది? జేబులోంచి పెన్ను తీశాను.

అంతలో సాలవ్వ వచ్చింది. ఇక్కడ కాన్పులు చేసే మనిషిని పిలిపించమని ఉత్తరంలోనే రాశారు. సగం ఊరికి బొడ్డు కోసింది ఆమే. నాకూ ఆమే కోసింది. నిండు నెలలతో ఉన్న నా భార్య రాబియాకూ ఆమే రావాలి.

సారు మూడు గిన్నెల స్టీలు క్యారేజీ ఆమె ముందు పెట్టాడు. సాలవ్వ దాని మూతలో ముఖం చూసుకుంది. వేలితో అంచంతా తడిమింది. "మస్తుగుంది" అంది.

"నీకే అవ్వా. ముందు ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యి."

"ఏం రాసిన్రు సత్తారూ? సదువు."

'కంపెనీ నుంచి నేను ఏ కానుకా తీసుకోలేదు' అని చదివాను. నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు.

"గంతేనా?"

"గంతే అవ్వ."

ముద్ర వేసింది. బొటనవేలి సిరా తలకు తుడుచుకుంది. మెట్టు దిగి నడక సాగించింది.

"అవ్వా, క్యారేజీ!" అని సారు కేకేశాడు.

"తీసుకోలేదని ముద్ర ఏసిన గద సారూ. మల్ల ఎట్ల తీసుకుంట?"

"అది కాగితం కోసం. అన్ని ఊళ్లల్లో తీసుకుంటున్నారు."

"తీసుకోనియ్యి. నేను బొడ్డు కోసిన ఇంట్లనే తీసుకుంట. మీ ఇంట్ల కోసిననాడు ఇయ్యిండ్రి."

వెళ్లిపోయింది. చదువురాని మనిషి తన కాగితాన్ని నిజం చేసుకుని పోయింది. పదో తరగతి పాసైన నేను పెన్ను పట్టుకుని నిలబడ్డాను. చెప్పలేనంత సిగ్గేసింది.

క్యాలెండరు దించి చుట్టాను. పాలడబ్బాలతో కలిపి సారు చేతుల్లో పెట్టాను. అప్పుడు సంతకం చేశాను.

"ఇగో సార్. ఇందుల ఇప్పుడు ఒక్క అబద్ధం లేదు. మీ వకీళ్లకు ధైర్యంగ పంపుండ్రి."

"ఏజెన్సీ వద్దా?"

"ఎందుకొద్దు? ఈ కాయితంల రాసినట్టు ఇస్తే రేపే మొదలువెడ్త."

ఆయన అన్నీ కారులో పడేసుకుని వెళ్లిపోయాడు. ఏజెన్సీ ఇంకెవరికో పోయింది. రెండు రోజులు అన్నం సహించలేదు, అబద్ధమెందుకు! మూడో రోజు పాత బోర్డునే తుడిచి పెట్టుకున్నాను.

పది రోజులకు రాబియాకు ఆడపిల్ల పుట్టింది. బొడ్డు కోసి, తల్లికీ బిడ్డకూ నీళ్లు పోసి సాలవ్వ బయటికొచ్చింది. పళ్లెంలో చీర పెట్టి ఇచ్చాను. తీసుకోలేదు.

"తక్కువైందా అవ్వ?"

"గది గాదు బిడ్డా." కొంచెం నసిగింది. "గా మూడు గిన్నెలది... అసొంటిది దొరుకుతదా? గా దినం ఇంటికి వోయినంక గూడ కండ్లల్లనే ఉండె."

మధ్యాహ్నం బస్సుకే కామారెడ్డి వెళ్లాను. అక్కడి స్టీలు సామాన్ల దుకాణం నిండా మూడు గిన్నెలవే ఉన్నాయి. వెతికించి నాలుగు గిన్నెలది తెచ్చాను.