పురికొస బంతి

"కదలమాక తల్లీ, అయిపోయింది, ఇంకొక్క పొర" అంటూ ఆయా రోశమ్మ పోలేరమ్మ తలను ఒళ్ళోకి అదుముకుంది. రక్తం ఎండి అతుక్కుపోయిన కట్టును నర్సు సుందరి తడిపి తడిపి ఊడదీస్తోంది. ఆ కట్టు కింద మణికట్టు నుంచి చెయ్యి లేదు. పిల్లకు ఏడేళ్ళు. అరిచే ఓపిక కూడా అయిపోయి, రోశమ్మ పైటను పళ్ళతో కరిచిపట్టుకుని మూలుగుతోంది.

నిన్న పొద్దున ఇంటి వెనక గడ్డివాములో చెయ్యి పెడితే పురికొస చుట్టిన ఉండ ఒకటి దొరికింది. బంతి అనుకుని బండకేసి కొట్టింది. మండలాలు వచ్చాక జరుగుతున్న మొదటి ఎన్నికలవి. పల్నాటి మగవాళ్ళు నాటుబాంబులు చుట్టి వాముల్లో దాచి, ఇంట్లో ఆడవాళ్ళకు కూడా చెప్పేవాళ్ళు కాదు. పార్టీ రహస్యం మరి! దాచింది పోలేరమ్మ తండ్రి బాలకోటయ్య, దాచమన్నది ఊరి ఆసామి వీరయ్య. ఎదుటి పార్టీ వాళ్ళు బాంబు విసిరారని కేసు పెట్టించిందీ వీరయ్యే. తల్లి మల్లమ్మ నోరు జారుతుందని ఆమెను ఇంట్లో పెట్టి గొళ్ళెం బిగించారు.

అసలు సంగతి పిల్ల ఇవాళ పొద్దున్నే రోశమ్మకు చెప్పేసింది. రోశమ్మదీ ఆ ఊరే. మధ్యాహ్నం వాంగ్మూలం తీసుకోవటానికి మేజిస్ట్రేటు వచ్చి అడిగితే ఆయనకూ అదే చెబుతుంది.

డాక్టరు ఆపరేషను గదిలో ఉన్న సమయం చూసుకుని వీరయ్య వార్డులోకి వచ్చాడు. తెల్లటి పంచె, నుదుట విభూతి. వెంట ఇద్దరు మనుషులు, వాళ్ళ వెనక బాలకోటయ్య.

"నర్సమ్మా, పిల్లను గుంటూరు తీసకపోతన్నాం. జీపు తెచ్చా. ఆ గొట్టాలు పీకెయ్."

"కుదరదండీ. నాడే సరిగా అందట్లేదు. సెలైను తీస్తే సత్తెనపల్లి దాకా కూడా బతకదు," అంది సుందరి.

వీరయ్య ముఖంలో ఏ మార్పూ రాలేదు. అది చూశాక సుందరికి అంతా అర్థమైంది. పిల్ల దారిలో పోతే ఎదుటి పార్టీ మీద హత్య కేసు పడుతుంది, నిజం చెప్పే నోరూ మూతపడుతుంది. సొంత మనిషి బిడ్డను పెట్టుబడి పెట్టి గెలవాలనుకునే పెద్దమనిషి అతను!

"డాక్టరు గారు చెప్పందే కదిలించటానికి లేదు," అంటూ డ్రెస్సరు కాలేషా అడ్డం వచ్చాడు. రాత్రి పిల్లకు ఎక్కించిన రక్తం అతనిదే. వచ్చినవాళ్ళలో ఒకడు సెలైను స్టాండు లాక్కుని అతని మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వార్డంతా వినిపించింది. కిందపడ్డ మనిషి తల మీద ఇంకో దెబ్బ వేశాడు. పక్క మంచాల వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వరండాలోకి పరుగెత్తారు.

జారిపోతున్న గాజుసీసాను సుందరి పట్టుకుని పైకెత్తింది. చెంప మీద కొట్టారు. గోడకు గుద్దుకుంది కానీ సీసా దించలేదు.

రోశమ్మ పిల్ల మీద అడ్డంగా వాలిపోయింది.

"ఏమే రోశీ, నీకీ ఆయా పని ఏయించింది ఎవురే?" అన్నాడు వీరయ్య.

"నువ్వేనయ్యా."

"నీ ఇల్లు ఎవురి స్థలంలో ఉంది?"

"నీ దాన్లోనే. పీకించుకో. బిడ్డను మాత్రం ఇయ్యను."

వీరయ్య ముందు చెప్పు తొడుక్కుని నడిచి ఎరగని మనిషి రోశమ్మ. జుట్టు పట్టి లాగారు. వీపు మీద తన్నారు. పెదవి చిట్లి రక్తం దుప్పటి మీద పడింది. ఆమె మంచం ఇనుప పట్టీని వదల్లేదు.

"నువ్వేం చూస్తన్నావురా బాలకోటిగా? నీ బిడ్డేగా, ఎత్తు!"

బాలకోటయ్య వచ్చి చేతులు చాచాడు. "లెయ్యి రోశమ్మక్కా. అయ్య చెప్పినట్టు ఇను."

తండ్రి గొంతు విని పోలేరమ్మ కళ్ళు తెరిచింది. "నాన్నా, వాములో ఇంకా ఉండయ్యి. తమ్ముడు తీస్తాడేమో."

బాలకోటయ్య చేతులు కిందికి దిగిపోయాయి. పెళ్ళాం గొళ్ళెం వెనక ఉంది. నాలుగేళ్ళ పిల్లాడు పెరట్లో ఉన్నాడు.

"అయ్యా, జీపు ఇయ్యి. ఊరికి పోవాల. పిల్లోడు ఒక్కడే ఉండాడు."

"ఆడ పోలీసులు కూకోనుండారు. ఇప్పుడు వాము కదిలిస్తే అందరం లోపలికి పోతాం. ముందు దీన్నెత్తు."

"ఎత్తను."

వీరయ్య అతని చెంప పగలగొట్టాడు. బాలకోటయ్య గుమ్మం వైపు ఉరికాడు. నిన్నటిదాకా తనతో కలిసి బాంబులు చుట్టిన ఇద్దరూ గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "తప్పుకోండ్రా, నా కొడుకురా!" అంటూ వాళ్ళ మీద పడ్డాడు. ఒకడి చేతిలో ఇనుప స్టాండు పైకి లేచింది.

రోశమ్మ పిల్ల కళ్ళను అరచేత్తో మూసింది.