క్లిప్పు పెట్టిన పేజీలు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్ళు: నాన్నమ్మ, నాన్న, అన్నయ్య, నేను. అమ్మ పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయింది కనుక ఆమెను చేర్చడం లేదు. పది దాటాక కోచ్ మేడం వచ్చారు. ఆవిడతో ఐదుగురం. కారును కూడా కలిపితే ఆరుగురం. నాన్న అయితే కలుపుతాడు.

నాన్న మెకానిక్. మా ఇంటి ముందు సగం షెడ్డు, వెనక సగం ఇల్లు. వంటింటి పరదా పక్కకు లాగితే కారు బానెట్ కనిపిస్తుంది. ఆ పాత కారు వెనక చక్రాలు రెండూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగేలా లోపల వెల్డింగ్ చేసి పెట్టింది నాన్నే. అన్నయ్య డ్రిఫ్టింగ్ పిచ్చికి ఆయన చేసిన సాయం అంతవరకే. మిగతాదంతా తిట్లు.

మామూలు మనుషులు కారు జారితే భయపడతారు. డ్రిఫ్టింగ్ చేసేవాళ్ళు కావాలనే జారుస్తారు. వెనక చక్రాలు పట్టు వదిలి కారు అడ్డంగా పోతుంటే, స్టీరింగ్ ఎదురు వైపుకు తిప్పి, యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండా, మలుపు పొడవునా అలాగే తీసుకుపోవాలి. నాన్నమ్మకు ఇది ఎంతకీ మింగుడు పడలేదు. "తిన్నగా పోయే బండిని పక్కకు పోనియ్యడానికి ఇంత సాధన ఎందుకురా? నేను గదిలోంచి బాత్రూముకు రోజూ అలాగే పోతున్నా" అంటుంది.

మా ఇంటి పక్కన మూతపడిన పెంకుల ఫ్యాక్టరీ ఉంది. దాని గేటు తాళం, కారు తాళం నాన్న షెడ్డులో ఒకే మేకుకు తగిలిస్తాడు. అక్కడి సిమెంటు గచ్చు మీద నీళ్ళు చల్లి, మూడు ఖాళీ రంగు డబ్బాలు పెట్టి, రెండేళ్ళుగా అన్నయ్య సాధన చేస్తున్నాడు. కారు ముక్కు డబ్బా పక్కనుంచి జానెడు దూరంలో పోవాలి, తగలకూడదు. నేను గోడ మీద కూర్చుని చూసి, నోటుపుస్తకంలో రాస్తాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. బళ్ళో హాజరు పిలిచినా చెయ్యెత్తి ఊరుకుంటాను. కానీ పుస్తకంలో నా అంత వాగుడుకాయ ఇంకొకరు ఉండరు.

కోచ్ మేడం ఏడాదికి ఎనిమిది మందికే నేర్పుతారు. ఈసారి ఒకడు మానేశాడట, ఒక్క సీటు ఖాళీ. దానికోసం అన్నయ్య ఆవిడకు ఎన్ని మెసేజీలు పెట్టాడో! చివరికి ఆ ఉదయం ఎనిమిదింటికి ఫోన్ చేశారు. "పదింటికి వస్తున్నా. మీ తప్పుల పుస్తకం తీసి ఉంచండి. అది చదివాకే కారెక్కుతా."

ఆవిడ పద్ధతి అది. ఏ రోజు ఎక్కడ ఎందుకు కారు అదుపు తప్పి గిర్రున తిరిగిందో రాసుకోనివాణ్ణి ఆవిడ చేర్చుకోరు. అన్నయ్యకు పుస్తకం లేదు. తప్పులు మాత్రం బోలెడు.

"చెల్లీ, నా బంగారు తల్లీ" అంటూ వంటింట్లోకి వచ్చాడు. మామూలుగా నన్ను పిల్లీ అంటాడు.

"ఇవ్వను" అన్నాను.

"ఏం కావాలో చెప్పకముందేనా?"

"నా పుస్తకమేగా?"

"నీ రాత నాకు రాదని కాదు. టైము లేదు. చూసి రాసుకుంటాను. అన్నయ్య అని ఉన్నచోటల్లా నేను అని మార్చుకుంటే అయిపోయె!"

జాలి వేసి ఇచ్చాను. ఇచ్చేముందు చివరి ఆరు పేజీలకు క్లిప్పు పెట్టాను. అవి నావి. నాన్నా అన్నయ్యా సామాను కొనడానికి బండి మీద వెళ్ళే బుధవారాల్లో, నేను బడి నుంచి వచ్చాక నాన్నమ్మ ఇంకా మధ్యాహ్నం నిద్రలోనే ఉన్నప్పుడు, కారు తీసింది నేను. ఆ సంగతి ఆ ఆరు పేజీలకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే నాన్న కారు తాళంతో పాటు ఫ్యాక్టరీ గేటు తాళం కూడా జేబులో వేసుకుంటాడు, నాకు గోడ కూడా మిగలదు. చూడొద్దని నోటితో చెబితే తప్పకుండా చూస్తాడని, నోరు మూసుకుని క్లిప్పు పెట్టాను.

కోచ్ మేడం పొట్టి మనిషి. అన్నయ్య భుజం దగ్గరికి వస్తారు. షెడ్డులో స్టూలు మీద కూర్చుని, అన్నయ్య కొత్త పుస్తకం తెరిచారు. నేను పరదా వెనక నిలబడ్డాను. అన్నయ్య ఇంకో స్టూలు మీద కూర్చున్నాడు, నాన్నమ్మ ఆవిడ ఎదురుగానే కుర్చీ వేసుకుంది.

"బాగా రాశారు బాబూ" అన్నారు మేడం. "'రెండో డబ్బా దగ్గర ముందు చక్రాలు సగమే తిరిగి ఉన్నాయి. పొగ కుడివైపు ఎక్కువ.' చాలా బాగుంది."

అన్నయ్య కాలర్ సర్దుకున్నాడు.

"ఒక్కటే అనుమానం. కారులో కూర్చున్నవాడికి తన ముందు చక్రాలు ఎలా కనపడ్డాయి?"

"తల... బయటికి పెట్టి చూశాను మేడం."

"అడ్డంగా పోతూనా?"

"కొంచెం వేగం తగ్గించి."

నాన్న దగ్గాడు. ఆయనకు దగ్గు లేదు.

మేడం పేజీలు వెనక్కి తిప్పారు. "ఇదింకా బాగుంది. 'క్లచ్‌కు కాలు అందడం లేదు. నాన్నమ్మ దిండు వీపు వెనక పెట్టుకున్నాను. ఇప్పుడు సరిపోయింది.'" తలెత్తి అన్నయ్య కాళ్ళ వైపు చూశారు. ఆ కాళ్ళు స్టూలు కింద పట్టక ఎదుటి గోడ దాకా పోయి ఉన్నాయి. "మీకు అందలేదా?"

వీడు క్లిప్పు తీసి మరీ రాశాడు!

"ఓహో!" అంది నాన్నమ్మ. "నెల్రోజులుగా నా దిండు రబ్బరు కాలిన కంపు కొడుతోందంటే ముసలిదానికి ముక్కు చెడిందన్నారు కదరా అందరూ!"

అన్నయ్య పరదా వైపు చూసిన చూపులో ప్రశ్న కనబడింది. ఆ తర్వాత చెప్పాడులెండి: క్లిప్పు పెట్టి ఉంటే ముఖ్యమైనవేమో అనుకుని ముందుగా ఆ ఆరు పేజీలే రాశాడట. అర్థం చేసుకుంటూ రాయడానికి టైము ఎక్కడిది అన్నాడు.

మేడం మొహంలో మాత్రం ఏమీ మారలేదు. "సరే, పోనివ్వండి. ఇక్కడ మాత్రం తప్పు రాశారు. 'క్లచ్ తొక్కి హ్యాండ్‌బ్రేక్ లాగాలి' అని ఉంది. క్లచ్ తొక్కకుండానే లాగాలి కదా?"

"అవును మేడం" అన్నాడు అన్నయ్య వెంటనే. "తొందరలో పొరపాటు పడ్డాను. తొక్కకూడదు."

రెండేళ్ళుగా రోజుకు ఇరవైసార్లు తొక్కుతున్నవాడు!

నాన్న ఈసారి దగ్గలేదు. చేతిలో రెంచి కింద పెట్టి కొడుకును అలా చూస్తూ ఉండిపోయాడు. మేడం పెన్ను తీశారు. నా వాక్యం మీద, కష్టపడి నాలుగు బుధవారాలు పోగొట్టుకుని నేర్చుకున్న వాక్యం మీద, అడ్డంగా గీత గీయబోయారు.

"అలా లాగితే ఇంజన్ ఆగిపోతుంది!"

ఎవరన్నారా అని నేను కూడా చుట్టూ చూశాను. అంత గొంతు నాకుందని నాకే తెలియదు.

"తొక్కాలి" అన్నాను పరదాతోనే. "తొక్కి, లాగి, వెనక భాగం కదలగానే వదిలేయాలి. స్టీరింగ్ బిగించి పట్టుకోకూడదు. దానంతట అది తిరుగుతుంది, అరచేతుల్లోంచి పోనిచ్చి, చాలనుకున్నప్పుడు పట్టుకోవాలి."

"ఇది తెలిసే అడిగానమ్మా" అంటూ మేడం పెన్ను మూత పెట్టారు. "మనిషి బయటికి వస్తుందా, పరదాకే సీటు ఇవ్వాలా?"

నాన్నమ్మ లేచి పరదా పూర్తిగా లాగేసింది. నేను చేతిలో గరిటెతో నిలబడి ఉన్నాను. ఎందుకు పట్టుకున్నానో ఇప్పటికీ తెలియదు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు నాన్న.

"నాలుగు నెలల్నుంచి. బుధవారాలు."

"వెనక టైర్లు పదిహేను రోజులకే అరిగిపోతున్నాయేంటా అని వీణ్ణి తిట్టాను కదే!"

"ఎన్ని తిట్లు తిన్నాను నాన్నా! అన్నీ నావే అనుకున్నాను" అన్నాడు అన్నయ్య. నిజంగానే బాధపడ్డాడు.

నాన్న మేకు మీది కారు తాళం తీశాడు. ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళింది. "ఏదైనా గుద్దావా?" అన్నాడు.

"ఒక్క డబ్బా. మొదటి వారం."

"వీడు?"

"నూట నలభై రెండు. రాశాను."

నాన్న తాళాన్ని మేడం చేతిలో పెట్టాడు.

మేడం మాట కచ్చితంగా చెప్పారు. సీటు ఒక్కటే. ఇద్దరూ చెరొక రౌండు తిప్పాలి. ఒకరు రానంటే రెండోవారికీ లేదు. కాపీ కొట్టినందుకు అన్నయ్యకు, దాక్కున్నందుకు నాకు అదే శిక్ష.

ఫ్యాక్టరీ గచ్చు మీద నీళ్ళు చల్లారు. ముందు అన్నయ్య వెళ్ళాడు, పక్క సీట్లో మేడం. మొదటి డబ్బా దగ్గర కారు ఎంత అందంగా అడ్డం తిరిగిందంటే నాన్నమ్మ కూడా "అబ్బో" అంది. రెండో డబ్బా దగ్గర వాడి తల డబ్బా వైపు తిరగడం నాకు గోడ దగ్గర్నుంచే కనిపించింది. ఎటు చూస్తే కారు అటే పోతుంది. భయపడి కాలు తీశాడు. కారు విదిలించినట్టు వెనక్కి తిరిగి డబ్బాను ఎగరగొట్టింది. నూట నలభై మూడు.

కారు దిగి, తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. నేను కదల్లేదు. నాన్న, నాన్నమ్మ, మేడం, ముగ్గురూ నావైపే చూస్తున్నారు. ముగ్గురంటే నాకు సభే. ఇంట్లోకి పారిపోవడానికి ఎన్ని అడుగులో లెక్కేశాను. పద్దెనిమిది. పారిపోతే వాడికీ సీటు పోతుంది. పారిపోకపోతే బహుశా నావల్లే పోతుంది. ఏది చేసినా వాడికి నష్టమే, మొహం చూస్తే ఆ సంగతి వాడికీ తెలుసు.

"ఏమే పిల్లీ, నేను చూస్తుంటే చేతకాదా?" అన్నాడు. "అన్నీ రాసే తల్లివి కదా. ఎక్కు."

"నీ సీటు..."

"నాది ఎప్పుడైందే? ఎక్కమంటే!"

ఎక్కాను. పట్టుబడతానని నేనెప్పుడూ జరపని సీటును నా కోసం ముందుకు జరిపాడు, కీచుమంది. బెల్టు వాడే బిగించాడు, కాస్త ఎక్కువగానే. మేడం కిటికీలోంచి ఎటో చూస్తూ కూర్చున్నారు. ఊరికే ఉండలేకపోయాను.

"నువ్వు డబ్బాను చూశావు" అన్నాను మెల్లగా. "అక్కడ కాలు తీయకుండా ఉంటే కారు వెనక భాగం..."

"అమ్మా తల్లీ, ఇప్పుడు కూడానా!" అని అన్నయ్య నా మొహం మీదే తలుపు వేసేశాడు.