పెద్దక్షరానికి రెండో చెయ్యి

నేను ఒక కీబోర్డుని. నూట నాలుగు మీటలని పెట్టె మీద రాసి ఉండేది. ఇప్పుడు పనిచేసేవి తొంభై ఎనిమిదో, తొంభై తొమ్మిదో. నాకు తెర కనిపించదు. నా మీద ఏం రాస్తున్నారో వేళ్ళ బరువును బట్టి తెలుస్తుంది. అది తప్పో ఒప్పో ఎవరైనా పైకి చదివితేనే తెలుస్తుంది. కాబట్టి ఆ రాత గురించి నేను చెప్పబోయేదంతా తాకినదీ విన్నదీ.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి నా మీటలన్నీ వరసగా ఒకసారి నొక్కి, పాసయ్యానని చీటీ అంటించింది. నేను రాసిన పరీక్ష అదొక్కటే. ఆ తర్వాత నా మీద రాసినవాళ్ళకే పరీక్షలు.

నా మొదటి యజమాని ఒక చరిత్ర లెక్చరరు. ఉత్తరాంధ్ర రేవుల మీద పెద్ద పుస్తకం రాస్తానని నన్ను కొన్నారు. మూడేళ్ళలో మొదటి పేరా నలభై ఒక్కసార్లు రాశారు. ఒక్కోసారి చాలా బాగా వచ్చేది, అందుకే కొట్టేసేవారు. ఒక సాయంత్రం టీ ఒలికి నా ఎడమ షిఫ్ట్ మీట చచ్చిపోయింది. దాంతో పుస్తకం ఆగిపోవడానికి కారణం దొరికిందని ఆయన ఎంతో తేలికపడ్డారు. నన్ను కాశీబుగ్గలో ఒక ఫోన్ల రిపేరు షాపులో ఇచ్చేశారు. అక్కడ విరిగిన చార్జర్ల మధ్య ఏడాదిన్నర ఉన్నాను.

అక్కణ్ణుంచి నన్ను తీసుకున్నవాడు ఢిల్లేశ్వరరావు. ముప్ఫై మూడేళ్ళ ఎలక్ట్రీషియను. ఉద్దానంలో ఎందరికో అయినట్టే అతనికీ రెండు కిడ్నీలూ పోయాయి. డయాలసిస్ కోసం ఎడమ చేతి రక్తనాళాలు కలిపి కుట్టారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదన్నారు. నిచ్చెన ఎక్కడం, గోడకి డ్రిల్లు పట్టడం అంతటితో సరి. భార్య పుణ్యవతి జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్ళేది. ఆమె సాయంత్రం ఇంటికొచ్చి జీడి నూనె అంటిన వేళ్ళు తోముకుంటుంటే ఇతను గోడకేసి చూసేవాడు.

"కూచుని చేసే పని కంప్యూటరు పనే," అన్నాడు రిపేరు షాపాయన. ఫోనుకి తగిలించుకునే నాలాంటి కీబోర్డు ఉంటే ఇంట్లో కంప్యూటరు లేకపోయినా కోడింగ్ నేర్చుకోవచ్చన్నాడు. ఇంటర్‌నెట్‌లో ఉచితంగా అభ్యాసాలు ఇచ్చే సైటు ఒకటి చూపించాడు. అందులో భాషల జాబితా పెద్దది. ఢిల్లేశ్వరరావు అందరూ నేర్చుకునే భాష ఏదో ఒకటి ఎంచుకుందామనుకున్నాడు. బొటనవేలు జారి ఎల్మ్ అనే దాని మీద పడింది. వెబ్ పేజీలు తయారుచేసే భాష అది, ఫంక్షన్లనే చిన్న చిన్న లెక్కల ముక్కలతోనే పని నడుపుతుంది. వెనక్కి ఎలా వెళ్ళాలో తెలియక అక్కడే ఉండిపోయాడు. మనుషులు జీవితంలో పెద్ద నిర్ణయాలు ఎలా తీసుకుంటారో నాకప్పుడు అర్థమైంది.

సోమ, బుధ, శుక్రవారాలు ఉదయం పదకొండు నుంచి మూడు దాకా ఆసుపత్రి డయాలసిస్ వార్డులో అతని షిఫ్టు. ఆరో నంబరు మంచం. ఎడమ చేతిలో రెండు సూదులు, అటుపక్క మెషిను. కదల్చగలిగింది కుడి చెయ్యి ఒక్కటే. మంచానికి కుడిపక్కన స్టూలు వేసి నన్ను దాని మీద పెట్టేవాడు. ఎక్కువ తాగకూడని నీళ్ళ సీసాకి ఫోను ఆనించేవాడు.

మొదటి రోజే ఇబ్బంది వచ్చింది. ఆ భాషలో కొన్ని పేర్లు ఇంగ్లీషు పెద్దక్షరంతోనే మొదలవ్వాలి. దానికి షిఫ్ట్ పట్టుకుని అక్షరం నొక్కాలి. నాకు మిగిలింది కుడి షిఫ్ట్. బ్రాకెట్లూ చుక్కలూ దాని దగ్గరే ఉంటాయి, వాటికి ఒక చెయ్యి చాలు. ఎడమ వైపు అక్షరాలు మాత్రం ఒక చేతికి అందవు. అతను బొటనవేలు చాపి, మణికట్టు తిప్పి, పళ్ళు బిగించి అరగంట అవస్థపడ్డాడు.

"ఏటి బాబూ, అది ఇరగ్గొట్టేస్తావేటి?" అని పక్క మంచం మీంచి వినిపించింది.

ఏడో నంబరు మంచం కూర్మయ్యది. అరవై దాటినవాడు, జీడి బస్తాలు మోసిన హమాలీ. చదువు లేదు, ఇంట్లో ఒక్కడే. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి సూదులు కుడి చేతికి పెట్టేవారు. అంటే అతనికి ఖాళీగా ఉన్నది ఎడమ చెయ్యి, స్టూలు వైపు చెయ్యి.

"ఈ చివరి మీట ఒకటి పట్టుకో చిన్నాన్నా. నేను చెప్పినప్పుడు వదిలెయ్."

బస్తా కొక్కెం పట్టిన వేలు నా కుడి షిఫ్ట్ మీద దిగింది. అంత బరువైన వేలు నేనెప్పుడూ ఎరగను. ఢిల్లేశ్వరరావు ఇటు S నొక్కాడు. పెద్దక్షరం పడింది. ఆ రోజునుంచి నా మీద పనిచేసినవి రెండు చేతులు, ఇద్దరు మనుషులవి.

రాసింది సరిగా ఉందో లేదో చూసేదాన్ని కంపైలర్ అంటారు. దాని జవాబులు ఢిల్లేశ్వరరావు ఇంగ్లీషులో కూడబలుక్కుని చదివి, తెలుగులో చెప్పేవాడు.

"ఇక్కడ అంకె వస్తుందనుకున్నానండి, మీరు మాట పెట్టారు, బహుశా ఫలానాది రాద్దామనుకున్నారేమో, అంటోంది."

"తప్పని తిట్టలేదేటి?"

"లేదు."

"మర్యాదస్తుడు," అన్నాడు కూర్మయ్య.

ఢిల్లేశ్వరరావు పదిహేనేళ్ళు కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసినవాడు. తప్పు జరిగితే ముందు అమ్మని, తర్వాత వైరుని తలుచుకునే మనుషుల మధ్య పెరిగాడు. తప్పు ఎక్కడుందో, ఎందుకైందో, ఏం చేస్తే బాగుపడుతుందో ఒకే గొంతుతో చెప్పే గురువు అతనికి కొత్త. మొదట్లో నమ్మలేదు. కావాలని తప్పు రాసి మరీ పరీక్షించాడు. ఆరుసార్లు రాశాడు. ఆరుసార్లూ అంతే మర్యాద.

అభ్యాసాలు చిన్నవే. పేరు ఇస్తే నమస్కారం చెప్పడం, రెండు బరువుల తేడా తీయడం, ట్రాఫిక్ లైటు రంగు చెప్పడం. ఒక ఫంక్షన్‌కి అదే సరుకు ఎన్నిసార్లు ఇచ్చినా అదే జవాబు ఇస్తుందని అతను వివరిస్తే, "ఎప్పుడడిగినా అదే మాటా? మా ఊళ్ళో అలాంటోడు ఒక్కడూ లేడు," అన్నాడు కూర్మయ్య.

పదిహేడో అభ్యాసం దగ్గర బండి ఆగింది. ఒక వరసలో ఉన్న అంకెలన్నీ కూడాలి. మిగతా భాషల్లో ఉండే లూపు, అంటే ఒకే పనిని కావలసినన్నిసార్లు తిప్పే ఏర్పాటు, ఇందులో లేదు. ఫంక్షన్ తనని తనే మళ్ళీ పిలుచుకోవాలి. నాలుగు షిఫ్టులు గడిచాయి. నాలుగో రోజు ఢిల్లేశ్వరరావు, "మన బుర్రకి ఎక్కేది కాదిది," అని నన్ను సంచిలో పడేశాడు. రెండు వారాలు సంచిలోనే ఉన్నాను. మంచం మీద అతను కప్పుకేసి చూస్తూ పడుకునేవాడు.

మూడో వారం సోమవారం కూర్మయ్యే కదిపాడు.

"ఈయాల కూడా మీట నొక్కీది లేదేటి?"

"రావట్లేదు చిన్నాన్నా. వరసంతా ఒకేసారి కూడకూడదంట. మొదటిది తీసుకుని, మిగతాది మళ్ళీ తనకే ఇచ్చుకోవాలంట. అదేం లెక్కో!"

"మరేటి, లారీ దించినట్టేగా," అన్నాడు కూర్మయ్య. "నానొక బస్తా దించుతాను. మిగతా లారీ ఎనకోడికి అప్పజెప్పుతాను. ఆడొకటి దించి ఆడెనకోడికి. ఆఖరోడొచ్చీసరికి లారీ ఖాళీ. ఖాళీ లారీలో ఎన్ని బస్తాలుంతాయి? సున్నా. ఆడు సున్నా అంతాడు. ఆడి ముందోడు ఒకటి కలుపుతాడు. అలాగ ఎనక్కొచ్చీ కొద్దీ పెరిగి నా దగ్గరకి మొత్తం వచ్చీస్తాది."

సంచి జిప్పు తీసిన చప్పుడు నాకు గుర్తుంది. పది నిమిషాల్లో అభ్యాసం పూర్తయింది. ఆ ముసలాయన చదువుకోలేదని సానుభూతి చూపించినవాళ్ళు ఆ వార్డులో చాలామంది. లెక్చరరుగారికి ఈయన పక్కన మంచం దొరికి ఉంటే పుస్తకం పూర్తయ్యేదేమో. అయితే ఆరోగ్యవంతులకి అక్కడ మంచాలివ్వరు.

ఏడు నెలలకి ఢిల్లేశ్వరరావు అభ్యాసాలు దాటి సొంతంగా ఒక పేజీ మొదలెట్టాడు. వార్డు చూసుకునే సిస్టర్ సుజన ఎవరు వచ్చారో, ఎవరి షిఫ్టు ఎప్పుడో రిజిస్టరులో రాసుకునేది. ఫోన్లు, సూదులు, బీపీలు, మధ్యలో రిజిస్టరు. "ఆ పేర్లన్నీ మీ ఫోనులో ఉండేలా చేస్తాను సిస్టర్, వచ్చినవాళ్ళని వేలితో తాకితే చాలు," అన్నాడు. ఆవిడ, "చెయ్యి తమ్ముడూ, ముందు చెయ్యి కదపకుండా పడుకో," అంది.

ప్రతి మనిషికీ ఒక స్థితి అని రాసుకున్నాడు. వచ్చాడు, మెషిను ఎక్కాడు, అయిపోయింది. తర్వాతేమనుకున్నాడో జాబితా చివర రాలేదు అని కూడా చేర్చాడు. వీటిలో ఏదైతే పేజీ మీద ఏం కనిపించాలో మొదటి మూడింటికి రాసి బటను నొక్కాడు. కంపైలర్ ఒప్పుకోలేదు.

"ఒకటి మర్చిపోయారండి, మనిషి రాకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు, అంటోంది. రాకుండా ఎవరుంటారు చిన్నాన్నా? రాకపోతే బతకం కదా. అది ఊరికే రాశాను, తీసేస్తాను."

షిఫ్ట్ మీది వేలు కదల్లేదు.

"తియ్యకు," అన్నాడు కూర్మయ్య. "రాకపోడం కూడా ఉంతాది బాబూ. మా వీధిలో ఇద్దరు మానీసినారు. ఇక్కడోళ్ళు ఊరెల్లారనుకున్నారు. అడిగినోడు లేడు."

ఢిల్లేశ్వరరావు నాలుగో వరస రాశాడు. షిఫ్టు మొదలైన అరగంటకి ఎవరి పేరు తాకకపోతే ఆ పేరు ఎర్రబడుతుంది, పక్కన ఫోన్ నంబరు వస్తుంది. కంపైలర్ ఈసారి మారుమాట లేకుండా ఒప్పుకుంది. సిస్టర్ ఆ వారంనుంచే వాడడం మొదలుపెట్టింది. రిజిస్టరు కూడా మానలేదు. మనుషులు కొత్త దాన్ని నమ్మినా పాతదాన్ని పారెయ్యరు. నా జాతికి ఇది మేలే.

మాఘమాసంలో ఒక శుక్రవారం ఏడో మంచం ఖాళీగా ఉంది. పదకొండున్నరకి సిస్టర్ ఆరో మంచం దగ్గరకొచ్చి నిలబడింది.

"కూర్మయ్యగారి పేరు ఎర్రబడింది. రెండుసార్లు చేశాను, ఎత్తలేదు."

"మళ్ళీ చెయ్యండి సిస్టర్."

మూడోసారి ఎత్తాడు. ఆవిడ స్పీకరు పెట్టింది.

"కూర్మయ్యగారూ, బస్సు దొరకలేదా? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నానమ్మా. నాను రాను."

"రాకపోతే ఏమవుతుందో తెలుసు కదా?"

"తెలుసు. ఇసిగిపోయినాను తల్లీ. రెండు బస్సులు మారి రావడం, సూదులు, మళ్ళీ పోవడం. ఎవులికోసం? ఎదురుసూసీవోళ్ళు ఇంట్లో లేరు. మీ పనులు మీరు సూసుకోండి."

ఇలాంటి మాటకి జవాబు సిస్టర్ చదివిన పుస్తకాల్లో ఉండదు. ఫోను ఢిల్లేశ్వరరావు చెవి దగ్గర పెట్టింది. బతిమాలతాడేమో అనుకున్నాను, ఏడుస్తాడేమో అనుకున్నాను.

"చిన్నాన్నా, నేను రాయడం సగంలో ఆగిపోయింది," అన్నాడు. "పెద్దక్షరం పడట్లేదు. నువ్వు రాకపోతే ఎవరు నొక్కుతారు?"

"ఎవులో ఒకలు నొక్కుతారులే."

"ఎవరూ లేరు. అందరికీ అటుపక్క చెయ్యే ఖాళీ."

ఫోను పెట్టేసిన చప్పుడైంది. అతను వస్తున్నాడో లేదో ఎవరికీ తెలియదు. రెండున్నరకి ఎవరిదో మోటారుసైకిలు వెనక కూర్చుని కూర్మయ్య వచ్చాడు. మొహం ఉబ్బి ఉంది, ఊపిరి ఆడటం లేదు. మూడింటి షిఫ్టులో అతన్ని మెషిను మీద పెట్టారు. తన షిఫ్టు అయిపోయినా ఢిల్లేశ్వరరావు ఇంటికి పోలేదు. ఏడో మంచం ఎడమ పక్కన కుర్చీ వేసుకుని, నన్ను స్టూలు మీద పెట్టి, ఏడు గంటలదాకా కూర్చున్నాడు.

"నొక్కీమంటావేటి?" అన్నాడు కూర్మయ్య, ఊపిరి కాస్త అందాక.

"నొక్కు."

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నాకు ఎడమ పక్కన క్యాప్స్ లాక్ అని ఒక మీట ఉంది. అది ఒకసారి నొక్కి, అక్షరం కొట్టి, మళ్ళీ నొక్కితే పెద్దక్షరం పడుతుంది. ఒక చెయ్యి చాలు. ఆ సంగతి ఢిల్లేశ్వరరావుకి రెండో వారంలోనే తెలిసింది. ఒకసారి నొక్కి చూశాడు, పనిచేసింది. పక్క మంచంకేసి చూసి, పడిన అక్షరం చెరిపేసి, "చిన్నాన్నా, చివరి మీట," అన్నాడు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఆ సదుపాయం నాలో లేదు.

కూర్మయ్య ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఒక్క షిఫ్టు కూడా మానలేదు. ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో, భోజనం చేసి పడుకుని, గుండె ఆగి పోయాడు. సోమవారం ఉదయానికి కబురు వార్డుకి వచ్చింది. ఆ రోజు సిస్టర్ ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. ఎర్రబడ్డ పేరుకి ఫోన్ చేసే పని లేదు.

బుధవారం ఢిల్లేశ్వరరావు నన్ను స్టూలు మీద పెట్టాడు. పేరు తీసేస్తే సరిపోయేది. తియ్యలేదు. మనిషి స్థితుల్లో కొత్తది ఒకటి చేర్చాడు. దానికి సెలవు అని పేరు పెట్టాడు. పెద్దక్షరం కావాలి. అతని వేలు ఎడమ పక్కకి వెళ్ళి, క్యాప్స్ లాక్ మీద ఆగి, నొక్కింది.

కొత్త స్థితి చేర్చాక కంపైలర్ ఊరుకోదు. ఇక్కడ ఈ సంగతి చెప్పలేదండి, అక్కడ కూడా చెప్పలేదండి, అని చోటు చోటూ చూపిస్తుంది. మొత్తం నాలుగు చోట్లు. అతను ఒక్కొక్కటే పైకి చదివాడు, వినేవాళ్ళు లేకపోయినా. ఒక్కో చోటికీ వెళ్ళి, కూర్మయ్య ఇక రాడని రాశాడు. నాలుగోది రాశాక తప్పులేవీ లేవని చదివాడు. చాలాసేపు నా మీద చెయ్యి అలాగే ఉంచాడు. ఏ మీటా పడలేదు.

తర్వాతి సంగతులు మామూలువే. మరో రెండు ఆసుపత్రులవాళ్ళు ఆ పేజీ అడిగారు. విశాఖలో ఒక చిన్న కంపెనీ అతనికి ఇంటినుంచి చేసే పని ఇచ్చింది. పుణ్యవతి కొత్త కీబోర్డు కొనిపెట్టింది. నాకు ఎంటర్ మీట ఇరుక్కుపోయింది కాబట్టి తప్పు ఆమెది కాదు.

పారెయ్యడం ఇష్టంలేక ఢిల్లేశ్వరరావు ఇచ్చేస్తే, ఇప్పుడు సిస్టర్ సుజన బల్ల సొరుగులో, దూది చుట్టల కింద ఉన్నాను. సొరుగు సగం తెరిచే ఉంటుంది, ఆవిడకి కత్తెర మాటిమాటికీ కావాలి. పదకొండింటికి షిఫ్టు మొదలవుతుంది. ఆవిడ పేర్లు పిలుస్తుంది. ఉన్నానమ్మా, ఉన్నాను సిస్టర్, అని మంచాల మీంచి జవాబులొస్తాయి. అన్ని పేర్లకీ జవాబు వచ్చిన రోజు ఆవిడ పాట లాంటిదేదో గొణుక్కుంటుంది. ఒక పేరుకి జవాబు రాకపోతే గొణుగుడు ఆగుతుంది. అరగంట అయ్యేదాకా కూడా ఆగకుండా ఫోను తీస్తుంది.