మూడో ఏడాదిలో ల్యుబెన్

మూడో ఏడాది చివర్లో ల్యుబెన్ ఏం చేస్తాడు? శిక్షణ ఇస్తాడు, అంతే కదా. దన్యూబు నది ఒడ్డునున్న నీటి సరఫరా కేంద్రాల ఉద్యోగులను కూర్చోబెట్టి, హ్యాకర్లు ఏ దారిన చొరబడతారో చూపిస్తాడు. స్నెజానా ‘చూపిస్తారు’ అని టైపు చేసి ఆగింది.

ఇన్నేళ్లుగా ఆమె రాసినవన్నీ భవిష్యత్తులే. యూరోపియన్ యూనియన్ గ్రాంటుల దరఖాస్తుల్లో ఎందరినో రాబోయే ఏళ్లలోకి నడిపించింది. తన రేపటి గురించి మాత్రం ఎప్పుడూ అంత శ్రద్ధగా ఆలోచించుకోలేదు. భుజాలు ముందుకు వంగి, కళ్ల కింద చర్మం వదులై, కీబోర్డు ముందే యాభై దాటేసింది.

మూడేళ్ల సైబర్ భద్రత ప్రాజెక్టు దరఖాస్తుకు ఆ సాయంత్రమే గడువు. నిపుణుడిగా ల్యుబెన్ పేరుంటే గ్రాంటు వస్తుంది. రాకపోతే రూసె పట్టణంలోని ఈ చిన్న ఆఫీసు వేసవి దాటదు. ఆ ల్యుబెన్ ఆస్పత్రిలో ఉన్నాడు. నిన్న చూడటానికి వెళ్తే, ముక్కులో గొట్టంతోనే నవ్వాడు.

“నన్ను ఎన్నేళ్లు బతికిస్తున్నావమ్మా?”

“మూడేళ్లు.”

“అబ్బో! డాక్టర్లు కూడా ఇంత ధైర్యం చెయ్యట్లేదే!”

పొద్దుటి నుంచీ ఆ నవ్వు ప్రతి వాక్యం వెనకా వినబడుతోంది. అతనికి ఒక్కో పని అప్పజెప్పినప్పుడల్లా, ఊపిరాడని మనిషిని మంచం మీంచి లేపి కూర్చోబెడుతున్నట్టుంది.

మధ్యాహ్నం ల్యుబెన్ భార్య ద్రాగా ఫోన్ చేసింది.

“పోయాడు, స్నెజానా. మీ ఆఫీసు తలుపుకి కాగితం నువ్వే రాయి. నువ్వు బాగా రాస్తావనేవాడు.”

ఊళ్లో ఎవరు పోయినా ఫొటో వేసిన కాగితం తలుపులకూ స్తంభాలకూ అంటిస్తారు. సంగతి విని ఆఫీసు యజమాని క్రుమ్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అతనికి పని నేర్పింది ల్యుబెనే.

“అక్కా, దరఖాస్తు పంపేశాక అంటిద్దాం. ఈ ఒక్క సాయంత్రం ఆయన్ని ఉండనీ.”

“ఎక్కడ ఉండనివ్వమంటావురా?”

“అందులోనే. ఆయనైతే కాదనేవాడా? మనందరి కూడు అక్కా అది.”

ఆమె తెర మీద దరఖాస్తు పక్కనే కొత్త పేజీ తెరిచింది. కాగితం రాసింది. నేర్పాడు, నవ్వించాడు, వెళ్లిపోయాడు. జరిగిపోయినదాన్ని రాయడం ఆమె చేతికి కొత్త. తెర మీద ఒక పక్క ల్యుబెన్ లేడు. రెండో పక్క మూడో ఏడాది పాఠం చెబుతూనే ఉన్నాడు.  పంపేస్తే ఇక అతనికి సెలవుండదు.

“నిపుణుడిగా నీ పేరు వేస్తున్నా,” అంది క్రుమ్‌తో.

“నా పేరుకి మార్కులెవడిస్తాడక్కా? మునిగిపోతాం.”

“మునిగితే మునుగుదాం. ఆయన్ని పడుకోనీ.”

 ఆమె ల్యుబెన్ పేరు చివర కర్సరు ఆనించి, ఒక్కో అక్షరమే వెనక్కి చెరిపింది.

ఎదురుగా ఉన్న ల్యుబెన్ బల్ల కింద, మడమల దగ్గర అణిగిపోయిన గోధుమరంగు చెప్పుల జత, కుర్చీ వైపు తిరిగి ఉంది.