శ్రుతి పెట్టిన చక్రం

"బండి శ్రుతి తప్పింది తమ్ముడూ, కాస్త సరిచెయ్యి," అంది ఫువాతినో అక్క, పొద్దున నా మరమ్మతు షెడ్డులో వదిలివెళ్లిన కారును చూపిస్తూ. మా ఊరి చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది ఆవిడే. రేపే వైట్ సండే, పిల్లలు తెల్లబట్టలు కట్టుకుని చర్చిలో పాడే పండుగ. ఇంత పని పెట్టుకుని నాతో వేళాకోళమేమిటని విసుక్కున్నాను.

"వేళాకోళం కాదురా! కారు వేగం అందుకుంటే కుడివైపు నుంచి హూఁ అని మోగుతుంది కదా? దాన్నే శ్రుతిగా పట్టుకుని దారంతా పిల్లల చేత పాడిస్తున్నా. ఈ వారం అందులో గరగర మొదలైంది."

చేతిలో స్పానరు కింద పెట్టాను. "ఎన్నాళ్లనుంచి మోగుతోంది?"

"ఈస్టర్ నుంచి."

ఆరు నెలలు! కారును జాకీ మీద లేపి, ముందు కుడి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. ఊడబోయే పన్నులా కదిలింది. విప్పి చూస్తే బేరింగులో గ్రీజు మాడి మసైపోయింది, గుండ్లు పెచ్చులూడాయి.

"బుద్ధుందా అక్కా నీకు? ఈ తీరం రోడ్డులో ఇంకో నాలుగు మలుపులు తిరిగుంటే చక్రం సముద్రంలో ఉండేది. పిల్లలు..." ఆ గుండ్లు ఆవిడ అరచేతిలో పోశాను.

కొత్త బేరింగు వేసి, ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తీరం రోడ్డు మీద కారు పరుగెత్తించాను. చిన్న మూలుగు కూడా లేదు. ఆవిడ ముఖం మాత్రం పాలిపోయింది.

"తమ్ముడూ, మా ఆయన వ్యాను కూడా మోగుతుందిరా, దీనికంటే గట్టిగా. కారు నీ దగ్గరుందని, పిల్లలందర్నీ ఇందాక అందులోనే ఎక్కించి చర్చికి పంపాను."