కారు దగ్గర ఎవరుంటారు

నీళ్ళ సీసాలు, అత్తగారి మందులు, తడి తువ్వాలు ఆమె సంచిలో సర్దుతుంటే భర్త వచ్చి నిలబడ్డాడు. "ఈసారి నువ్వే నడపాలి. ఈ చెయ్యి గేరు మార్చేలా లేదు." కొట్టులో పై అర నుంచి గుడ్డల తాను దించబోయి మణికట్టు బెణికించుకున్నాడు. సరుకు వ్యాను ఆరేళ్ళుగా ఆమే నడుపుతోంది. విహారానికి మాత్రం స్టీరింగు చేతికి రావడం ఇదే మొదలు.

వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మనిషి లేకుండా బట్టల కొట్టు వదలరు, ఊళ్ళు తిరిగేటప్పుడు కారూ వదలరు. కొట్టుకి ఈసారి ఎదిగిన పిల్లలున్నారు. కారు దగ్గర మాత్రం పద్దెనిమిదేళ్ళుగా ఆ మనిషి ఆమే. "నువ్వుంటే నాకు నిశ్చింత" అంటాడు భర్త. అదేదో బిరుదన్నట్టు ఆమె ఇన్నాళ్ళూ మోసింది. ఇప్పుడు బేరీజు వేసుకుంటే, అడవంటే ఒలిచి అందించిన నారింజలు, కొండంటే పిల్లల వాంతులు. మూడు కోటలకు వెళ్ళింది, మూడింటి పార్కింగూ కళ్ళకు కట్టినట్టు గుర్తుంది.

కొండదారిలో మలుపు మలుపుకీ పక్క సీట్లో భర్త కాళ్ళు బిగబట్టాడు. "మెల్లగా... హారన్ కొట్టు... లారీ!"

"లారీ అవతలి కొండ మీదుందండీ. వ్యాను నిండా మీ సరుకు తెచ్చినన్నాళ్ళూ ఇంత భయం లేదేం?"

వెనక సీట్లో అత్తగారు కిసుక్కున నవ్వింది. భర్త నారింజ పండు తీసి, ఒంటి చేత్తో, పళ్ళతో ఒలిచి ఆమె నోటికి అందించాడు. సగం తొక్క దానికే ఉంది. అయినా తియ్యగానే ఉంది.

ఆమె వేగం తగ్గించింది. లోయలో చెట్ల మీద గాలి వీస్తుంటే, ముఖమల్ మీద చెయ్యి అటూ ఇటూ దువ్వినట్టు పచ్చదనం రంగు మారుతోంది. ఇదే దారిన ఇదివరకు రెండుసార్లు వచ్చింది. ఎక్కడుంది ఇదంతా?

కోట కింద కారు ఆగగానే భర్త తలుపు తీశాడు. "ఉంటావుగా? పది నిమిషాల్లో చూసొచ్చేస్తా."

ఆమె తాళంచెవి తీసి అతని బెణకని చేతిలో పెట్టింది. "ఈసారి మీరుండండి."

"నేనా?"

"మీరుంటే నాకు నిశ్చింత."

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ అప్పటికే దిగి చెప్పులు వేసుకుంటోంది. "నన్ను చూస్తావేంరా? మీ నాన్న హయాం నుంచీ కాపలానే కాశాను. పదవే అమ్మాయ్."

"మోకాళ్ళో, అత్తయ్యా?"

"వాటినీ తీసుకొస్తాలే."

పది మెట్లకోసారి కూర్చుంటూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎక్కారు. పైన కూలిన గోడకు అవతల కొండ వెనక కొండ, వాటి మధ్య మబ్బు. అత్తగారు ఆయాసం తీర్చుకుంటూ కొంగు గాలికి వదిలేసింది. ఫోను మోగింది.

"గంటైంది! చూడటం అయిందా?"

"లేదండీ, ఇప్పుడే మొదలుపెట్టాం" అంది ఆమె.