గంజి బట్ట మీద వాన

1943లో తమ వీధిలో నాలుగిళ్లకు కలరా సోకేసరికి ఓబళప్ప మగ్గం ఆపేసి, తల్లినీ పెళ్లాన్నీ బండెక్కించాడు. బెంగళూరు విడిచి, జిగణి దాటి, అడవి అంచున బండగుట్ట పక్కన గుడిసె వేసుకున్నారు.

తల్లి సొన్నమ్మ బెంగళూరు పేటలో పుట్టి పెరిగిన మనిషి. ఆమెకు కొళాయి నీళ్లే అలవాటు. ఇక్కడ ఒక్క కుంట ఉంది. మూడోనాడు అందులో చచ్చిన అడవిపంది తేలింది. కలరా ఊరినుంచి వచ్చినవాళ్లని పక్క పల్లెవాళ్లు తమ బావి దగ్గరికి రానివ్వలేదు. తెచ్చుకున్న రెండు బిందెల్లో నీళ్లు అడుగంటాయి.

"కుంటనీళ్లే వడగట్టుకుందామా?" అన్నాడు ఓబళప్ప.

"వద్దు," అంది భార్య అక్కయమ్మ. "గుట్ట వెనక మబ్బు చూడు, పొద్దు వాలేలోగా వానొస్తాది. అవే పట్టుకుందాం."

ఆమె పావగడ దిక్కు, వాననీళ్ల మీదే బతికే మెట్టపల్లె పిల్ల. పెళ్లయి ఏడాదైనా ఆ ఇంట్లో ఆమెని ఎవరూ సలహా అడిగింది లేదు. ఇప్పుడు ఎవరినీ అడగకుండా ఆమే లేచి, మగ్గం మీంచి కోసి తెచ్చిన తెల్లబట్ట బయటికి తీసింది.

"కొత్తబట్టమ్మీ అది! కావాలంటే ఆ చెట్టు కింద బిందె పెట్టు," అంది సొన్నమ్మ.

"ఆకుల మీద పక్షిరెట్టలుంటాయి అత్తా. బయలే మేలు."

బండ నెర్రెల్లో నాలుగు కర్రలు దిగ్గొట్టింది. బట్ట మూలలు కట్టి, నడుమ కడిగిన గులకరాయి వేసి, ఆ పల్లం కింద బిందె పెట్టింది.

చెప్పినట్టే వాన వచ్చింది. బిందెలో నీళ్లు చూసి సొన్నమ్మ చెంబు ముంచబోయింది. అక్కయమ్మ బిందె వంచి పారబోసింది.

"నీకేమన్నా పిచ్చా!"

"మొదటి నీళ్లలో దుమ్ముంటాది, బట్టలో నేతకి పెట్టిన గంజి ఉండాది. చూడు, ఎంత తెల్లగా ఉండాయో."

రెండోసారి పట్టిన నీళ్లు వేళ్ల మధ్య రుద్ది చూసింది. ఇంకా జిగురు. అవీ పారబోసింది. అంతలో వాన సన్నబడింది. ఓబళప్ప ఖాళీ బిందెలోకి తొంగిచూశాడు. "అయ్యో, అవన్నా పెట్టుకోవాల్సింది కదా!"

"గుట్ట వెనక ఇంకా నల్లగా ఉండాది. సుమ్మనుండు, ఓపిక పట్టు."

ఆమె కదలకుండా బిందె పట్టుకుని నిలబడింది. కాసేపటికి చినుకులు రాళ్లలా పడ్డాయి. ఈసారి నీళ్లు తేటగా దిగాయి. రెండు బిందెలూ, వంట గిన్నెలూ నిండాయి. గుడిసెలో తడవకుండా దాచిన పుల్లలతో నీళ్లు బాగా మరగబెట్టి, మూత పెట్టి చల్లార్చింది.

సొన్నమ్మ చెంబెత్తి గటగటా తాగింది. మళ్లీ పొయ్యమని చెంబు చాపింది. "బాగుండాయమ్మీ," అంది. కోడలితో ఆమె అంత మెత్తగా మాట్లాడటం అదే మొదలు.

తెల్లారి అత్త కోడలి చెయ్యి పట్టుకుని గుట్ట అవతలికి నడిచింది. పేటనుంచి వచ్చిన ఐదు కుటుంబాలు అక్కడ దిగి ఉన్నాయి.

"మా అక్కయమ్మ చెప్తాది, వినండప్పా," అంది.

అక్కయమ్మ కొంగు దోపుకుని, ముందు మగవాళ్లని కర్రలు కొట్టి తెమ్మంది.